చక్కెర తామరకు ముత్యపు మెరుపు పెట్టడం ఎలా

చిన్నప్పుడు ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పలో తళతళలాడే రేకుల్ని ఏరి, కాకి బంగారం దొరికిందని జేబులో దాచుకున్నవారికి ఈ పని సగం తెలిసినట్టే. కేకుల మీది చక్కెర పూలకు మెరుపు తెచ్చే పొడిని బేకర్లు లస్టర్ డస్ట్ అంటారు. దాని అసలు సరుకు కాకి బంగారమే, అంటే అభ్రకం. గూడూరు చుట్టుపక్కల గనుల పుణ్యమా అని నెల్లూరు సీమకు ఒకప్పుడు పేరు తెచ్చిన ఖనిజం ఇది. తినే పొడి కోసం దాన్ని శుద్ధి చేసి, సన్నని పలకలుగా విడగొట్టి, ఒక్కో పలక మీద టైటానియం డయాక్సైడ్‌నో ఐరన్ ఆక్సైడ్‌నో అతి పల్చగా పూస్తారు. సబ్బు బుడగ మీద రంగులు ఆడినట్టే, ఆ పూత మందాన్ని బట్టి వెలుగు విరిగి ముత్యంలానో బంగారంలానో కనిపిస్తుంది.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక మీదట చెప్పేదంతా దీని మీదే నిలబడి ఉంది. అవి పలకలు. కింద నేల నున్నగా ఉంటేనే బల్లపరుపుగా పడుకుని మెరుస్తాయి. గరుకుగా ఉంటే తలో దిక్కుకు తిరిగి, పువ్వు మీద బూడిద చల్లినట్టు ఉంటుంది. పైగా ఆ పలకలు పారదర్శకమైనవి. కింద ఉన్న రంగును అవి దాచవు, వెలిగిస్తాయి. చాలామంది మెరుపు రాలేదని పొడి మీద పొడి అద్దుతూ పోతారు. లోపం పొడిలో ఉండదు, కింది రేకులో ఉంటుంది.

ఉదాహరణకు తామరనే తీసుకున్నాను. వెడల్పాటి రేకులు, నడుమ గింజలుండే దుద్దు, దాని చుట్టూ కేసరాలు ఉంటాయి కాబట్టి పొడిగా అద్దడం, తడిగా పూయడం, మెరుగు పెట్టడం అన్నీ ఒకే పువ్వులో నేర్చుకోవచ్చు. గులాబీ చేసినా చామంతి చేసినా పద్ధతి ఇదే.

పొడి కొనేటప్పుడు

ఇక్కడ కాస్త నిదానించండి. డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటే తినవచ్చని అర్థం కాదు. పొరపాటున నోట్లో పడితే విషం కాదని మాత్రమే దాని భావం. ‘ఎడిబుల్’ అన్న మాట, దానితోపాటు అందులో ఏమేమి కలిపారో చెప్పే జాబితా రెండూ ఉండాలి. మన దేశంలో అమ్మే ఆహార పదార్థమైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ముద్ర, 14 అంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క కనిపించాలి. జాబితాలో 555 ఉంటే అభ్రకం, 171 ఉంటే టైటానియం డయాక్సైడ్, 172 ఉంటే ఐరన్ ఆక్సైడ్. జాబితాయే లేని డబ్బాను ఎంత చవకగా ఇచ్చినా తిరిగి ఇచ్చేయండి. రెసిన్ బొమ్మలకు వాడే అభ్రకం పొడి, ముగ్గుల్లో చల్లే తళుకులు, చేతి పనుల దుకాణంలో దొరికే బంగారు రంగు పొడి చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి. కొన్నిటిలో ఉండేది అభ్రకం కూడా కాదు, రాగి, ఇత్తడి లాంటి లోహాల పొడి.

అతిగా భయపెడుతున్నాననుకోకండి. 2018లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పుట్టినరోజు వేడుకలో రోజ్ గోల్డ్ పొడి పూసిన కేకు తిని ఆరుగురు పిల్లలు వాంతులతో, విరేచనాలతో మంచం పట్టారు. ఆ పొడిలో తేలింది రాగి. మరుసటి ఏడాది మిస్సోరీలో ఇంట్లో చేసిన పుట్టినరోజు కేకు అలంకరణకు వాడిన పసుపు రంగు పొడి వల్ల ఏడాది బిడ్డ రక్తంలో సీసం పెరిగింది. రెండు చోట్లా వాడినవి తినడానికి తయారుచేసిన పొడులు కావు.

ఐరోపాలో ఉంటున్న మనవాళ్లకు ఇంకొక మాట. యూరోపియన్ యూనియన్ 2022లో టైటానియం డయాక్సైడ్‌ను ఆహారంలో నిషేధించింది. ఇండియా నుంచి వచ్చే చుట్టాలతో డబ్బాలు తెప్పించుకుని అక్కడ కేకులు అమ్మే ఆలోచన ఉంటే, 171 లేని పొడిని అక్కడే కొనుక్కోవడం మేలు.

మొదటిసారికి మూడు డబ్బాలు చాలు: ముత్యపు తెలుపు, లేత బంగారం, మెరుపు లేని గులాబీ రంగు పొడి. ఈ మూడోదాన్ని పెటల్ డస్ట్ అంటారు. ఐదు గ్రాముల డబ్బా కొంటే ఇంటి అవసరాలకు నెలల తరబడి వస్తుంది.

రేకు సిద్ధమైందో లేదో

పువ్వును ఆరితే గట్టిపడే చక్కెర ముద్దతో, అంటే గమ్ పేస్ట్‌తో చేసి ఉంటారు. అది దొరకకపోతే 250 గ్రాముల ఫాండెంట్‌లో (కేకుల మీద పరిచే మెత్తని చక్కెర ముద్ద) దాన్ని గట్టిపరిచే టైలోజ్ పొడి ఒక టీస్పూను కలిపి, మూతపెట్టి రాత్రంతా ఉంచితే చాలావరకు అదే పని చేస్తుంది. రేకును పల్చగా ఒత్తి, అంచును నురగ దిండు మీద కొసన గుండు ఉన్న పరికరంతో నలిపి, గరిటె గుంటలోనో పండ్ల ట్రేలోనో పెట్టి వంపు తిరిగేలా ఆరబెడతారు కదా. ఒత్తేటప్పుడు వేళ్లకు పూసుకున్న కార్న్‌ఫ్లోర్ రేకుకు అంటుకుని ఉంటే అదే తర్వాత మెరుపును మింగేస్తుంది. ఆరిన రేకును మెత్తని పొడి కుంచెతో రెండు వైపులా దులపండి. మరకలా అంటుకుపోతే దులిపినా పోదు. అందుకని ఒత్తేటప్పుడే పిండికి బదులు వేలి కొసతో రవ్వంత వనస్పతి లాంటి వెజిటబుల్ షార్ట్‌నింగ్ రాసుకోవడం నాకు అలవాటు.

సన్నని రేకు ఆరడానికి ఒక రోజు, మందమైన దుద్దుకు రెండు రోజులు పడుతుంది. ఇది హైదరాబాదు వేసవి లెక్క. విశాఖలోనో కాకినాడలోనో, అందులోనూ వానాకాలంలో ఈ లెక్క పనికిరాదు. సముద్రపు గాలిలో చక్కెర ఆరినట్టే ఆరి సాయంత్రానికి మళ్లీ మెత్తబడుతుంది. ఏసీ ఉన్న గదిలో తలుపులు వేసి ఆరబెట్టండి. ఏసీ లేకపోతే మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి పువ్వుకు తగలకుండా పైన జల్లెడ గిన్నె లాంటిది పెట్టి, దానిలో రేకులుంచండి. ఎండలో మాత్రం పెట్టవద్దు, గులాబీ రంగు ఇట్టే వెలిసిపోతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి గోటితో మెల్లగా తట్టండి. పింగాణీ కప్పును తట్టినట్టు ‘టక్’మనాలి. చప్పుడు లేకపోతే లోపల ఇంకా తడి ఉందని అర్థం.

ముందు రంగు, తర్వాతే మెరుపు

తామర రేకు కొన దగ్గర ముదురు గులాబీ, మొదలు దగ్గర దాదాపు తెలుపు. పెటల్ డస్ట్‌ను చిన్న పళ్లెంలో చిటికెడు వేసుకుని, కుంచెను అందులో ముంచి, టిష్యూ కాగితం మీద రెండుసార్లు తట్టి అదనపు పొడి రాల్చండి. అంచు నుంచి లోపలికి లాగండి. రంగు గాఢంగా ఉందనిపిస్తే పొడిలోనే కాస్త కార్న్‌ఫ్లోర్ కలిపి పల్చన చేయవచ్చు. ఇక్కడ తెల్ల రేకు మీదనే తిన్నగా గులాబీ మెరుపు పొడి అద్దితే సరిపోదా అని అడుగుతారు. అద్దితే పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ పువ్వులా ఉంటుంది. నిజం పువ్వు రంగు మెరుపులో ఉండదు. మెరుపు కిందే ఉంటుంది.

అద్దిన రంగు చేతికి అంటకుండా ఉండాలంటే ఆవిరి చూపించాలి. కెటిల్లో నీళ్లు మరిగించి, ఆవిరి బయటికి వచ్చే చోటికి జానెడు దూరంలో రేకును పట్టుకుని, మూడు నాలుగు సెకన్లు అటూ ఇటూ తిప్పితే చాలు. పొడిపొడిగా ఉన్న రంగు రేకులో ఇంకి, కొత్త ఆకులా లేత నిగారింపు వస్తుంది. పది సెకన్లు పట్టారా, చక్కెర కరిగి నీటి చుక్కలు మచ్చలుగా మిగులుతాయి. ప్రెషర్ కుక్కర్ ఆవిరి వాడవద్దు. నేనొకసారి వాడాను. ఆవిరితో పాటు వేడి నీటి తుంపరలు వచ్చి, ఆరు రేకులకు మశూచి వచ్చినట్టు గుంటలు పడ్డాయి. చేతికి కూడా చురుకు తగిలింది. రేకును చేత్తో కాకుండా దాని తీగతోనో పొడవాటి పటకారుతోనో పట్టుకోండి.

పొడి మెరుపు

ఆవిరి పెట్టిన వెంటనే రేకు కాస్త జిగటగా ఉంటుంది. అప్పుడే మెరుపు పొడి అద్దితే గట్టిగా పట్టుకుంటుంది కానీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా మచ్చలు పడుతుంది. చేయి తిరిగేదాకా అరగంట ఆగి, పూర్తిగా ఆరాకే అద్దండి.

పని మొదలుపెట్టే ముందు ఫ్యాను కట్టేయండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. ఈ పొడి గాలిలో తేలుతూ ఉంటుంది. తినడానికి పనికొచ్చినంత మాత్రాన ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని కాదు. కింద తెల్ల కాగితం పరచుకుంటే రాలిన పొడిని మడత పెట్టి తిరిగి డబ్బాలో పోసుకోవచ్చు.

మెత్తటి చదునైన కుంచె తీసుకోండి. ఉడుత వెంట్రుకల కుంచె బాగుంటుంది కానీ నైలాన్‌లో కూడా మెత్తనివి దొరుకుతున్నాయి. శాకాహారుల కేకుకు నైలానే మంచిది. చిటికెడులో సగం ముత్యపు తెలుపు పొడి తీసుకుని, కుంచెను టిష్యూ మీద తట్టి, రేకు లోపలి వైపున మొదలు నుంచి కొనకు ఈనెల వెంబడి నిలువుగా లాగండి. గుండ్రంగా రుద్దవద్దు. నిలువుగా లాగితే పలకలన్నీ ఒకే వైపు పడుకుంటాయి, వెలుగు రేకు పొడవునా జారినట్టు కనిపిస్తుంది. ఒక పూత వేసి, గదిలో లైటు తీసేసి, ఫోను టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టి చూడండి. పైనుంచి పడే వెలుగులో కనిపించని చారలన్నీ ఈ పక్క వెలుగులో బయటపడతాయి. చారలున్న చోట పొడి లేని శుభ్రమైన కుంచెతో ఊరికే నిమరండి, సర్దుకుంటాయి.

రేకు వెనుక వైపు ఏమీ పెట్టకండి. ఇది నా పట్టుదల, కొందరు ఒప్పుకోరు. వెనుక మెరుపు లేకుండా, లోపల మెరుపుతో ఉంటేనే పువ్వు విచ్చుకుంటున్నట్టు, లోపల ఏదో వెలుగుతున్నట్టు ఉంటుంది. ముందూ వెనుకా అంతా మెరిస్తే అది జరీ కాగితపు పువ్వు. మల్లెమొగ్గలకైతే నేను అసలు మెరుపే పెట్టను. తెల్లటి మల్లె మీద ముత్యపు పొడి పడితే మల్లెలా కాదు, ముత్యాల హారంలా ఉంటుంది. అదే కావాలనుకుంటే సరే.

దుద్దుకూ కేసరాలకూ బంగారం

తామర నడుమ ఉండే బీజకోశాన్ని దుద్దు అంటాం, చెవికి పెట్టుకునే దుద్దుకు కూడా అదే మాట. కాబట్టి ఇక్కడ బంగారం పూయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పొడిగా అద్దితే బంగారం సన్నటి నీడలా మాత్రమే వస్తుంది. లోహంలా నిండుగా రావాలంటే ద్రవంలో కలిపి పూయాలి.

ఏ ద్రవంలో అన్నదే అసలు చిక్కు. నీళ్లలో కలిపితే చక్కెర కరుగుతుంది, పూత ఆరదు. త్వరగా ఆవిరైపోయే మద్యసారం కావాలి. వోడ్కా సరిపోతుంది. అందులోని మద్యసారం చాలావరకు పూత ఆరేలోపే ఎగిరిపోతుంది. అయినా ఇంట్లో వద్దనుకునేవారు, మద్యం ముట్టనివారి కోసం కేకు చేసేవారు ఉంటారు. వోడ్కా వాడితే తినేవారికి తప్పక ముందే చెప్పండి, వద్దనుకుంటే ఈ కింది వేరే దారి పట్టండి. దవాఖానా స్పిరిట్, శానిటైజర్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. అవి తాగడానికి పనికిరాని మద్యసారాలు. నిమ్మ ఎసెన్స్ వాడమని చాలాచోట్ల చెబుతారు. నేను విని, బజారులో దొరికిన సీసా తెచ్చి, రిసెప్షన్ కేకుకు దుద్దులన్నీ పూశాను. మర్నాటి ఉదయానికీ అవి వేలికి అంటుతూనే ఉన్నాయి. తర్వాత సీసా తిప్పి చదివితే అందులో ఉన్నది మద్యసారం కాదు, ప్రొపిలీన్ గ్లైకాల్. అది ఆవిరైపోదు. మన బజారులోని ఎసెన్సుల్లో చాలా వాటిది ఇదే కథ, కాబట్టి ఆ చీటీ చదివాకే కొనండి.

మద్యసారం లేకుండా చేయాలంటే కొకో గింజల కొవ్వును, అంటే కరిగించిన కొకో బటర్‌లో పొడి కలిపి పూయవచ్చు. చల్లారగానే గట్టిపడుతుంది. అయితే కొకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. మే నెలలో విజయవాడలో ఆరుబయట వేడుకకు ఇది కుదరదు. ఇంకొక దారి: దుద్దు మీద షార్ట్‌నింగ్‌ను కంటికి కనిపించనంత పల్చగా రాసి, దాని మీద పొడి బంగారాన్ని వేలితో అద్దడం. ద్రవంతో పూసినంత నిండుగా రాదు కానీ చూడముచ్చటగా ఉంటుంది.

కలిపే పాళ్లు: పావు టీస్పూను పొడికి నాలుగైదు చుక్కలు. డ్రాపర్‌తో ఒక్కో చుక్కే వేస్తూ, గోళ్ల రంగు చిక్కదనం వచ్చాక ఆపండి. పల్చగా ఉంటే చారలు, చిక్కగా ఉంటే గడ్డలు. అభ్రకం బరువైనది, అడుగుకు దిగిపోతుంది. కుంచె ముంచిన ప్రతిసారీ కలపండి. మద్యసారం ఎగిరిపోతూ ఉంటుంది కాబట్టి పది నిమిషాలకొక చుక్క వేయాల్సి వస్తుంది. పొయ్యి దగ్గర కూర్చుని చేయకండి.

దుద్దుకు ముందుగానే పసుపు రంగు కలిపిన పేస్ట్ వాడి ఉంటే బంగారం ఒక్క పూతలో నిండుతుంది. తెల్ల పేస్ట్ మీదైతే మూడు పూతలు వేసినా సందుల్లోంచి తెలుపు తొంగిచూస్తుంది. వెండి కావాలంటే కింద లేత బూడిద రంగు ఉండాలి. మొదటి పూత ఆరడానికి పది, పదిహేను నిమిషాలు ఇచ్చి రెండోది వేయండి. తడిగా ఉన్నప్పుడు మళ్లీ కుంచె పెడితే కింది పూత లేచి వస్తుంది. కేసరాలకు కొసలు మాత్రమే ముంచితే చాలు.

మెరుగు, ముత్యాలు, వెండి రేకు

తామరాకు మీద నీటిబొట్టు నిలిచినట్టు నిగనిగలాడాలంటే పొడి పనికిరాదు, మెరుగు కావాలి. ఆహారానికి పనికొచ్చే గమ్ అరబిక్ పొడి ఒక టీస్పూనుకు మూడు టీస్పూన్ల గోరువెచ్చని నీళ్లు కలిపి, కరిగాక వడకట్టి, ఒకే ఒక పల్చని పూత వేయండి. బజారులో దొరికే కన్ఫెక్షనర్స్ గ్లేజ్ ఇంకా బాగా మెరుస్తుంది, తేమకు కూడా తట్టుకుంటుంది. అది లక్కతో తయారైంది. లాడ్ బజార్‌లో గాజులు చేసే లక్క ఏ పురుగు నుంచి వస్తుందో ఇదీ అక్కడి నుంచే వస్తుంది. నిష్ఠగా శాకాహారం పాటించే ఇంటికి కేకు ఇస్తుంటే అడిగి వాడండి. దాన్ని పూసిన కుంచెను నీళ్లతో కడిగితే గట్టిపడి పుల్లైపోతుంది, మద్యసారంలోనే కడగాలి.

చుట్టూ పేర్చడానికి ముత్యాలు కావాలంటే పేస్ట్‌ను ఆవగింజ నుంచి శనగగింజ దాకా రకరకాలుగా ఉండలు చేసి, గంటసేపు ఆరనిచ్చి, మూత ఉన్న చిన్న డబ్బాలో చిటికెడు ముత్యపు పొడితో కలిపి గిలకరించండి. నిమిషంలో అయిపోతుంది. పిల్లలకు అప్పగించదగ్గ పని ఇదొక్కటే.

మిఠాయిల మీద వేసే వెండి రేకును కూడా వాడవచ్చు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో పెట్టిన నియమం ప్రకారం తినే వెండి రేకు స్వచ్ఛత వెయ్యికి 999 పాళ్లు ఉండాలి, తయారీలో ఎక్కడా జంతు సంబంధమైన పదార్థం వాడకూడదు. నున్నటి పూరేకు కన్నా గతుకుల దుద్దు మీద అది అందంగా అతుకుతుంది. గుచ్చి గుచ్చి సరిచేయబోతే చిరిగిపోతుంది, పడ్డట్టు వదిలేయండి.

కేకు మీదికి

మన బేకరీ కేకుల్లో ఎక్కువ భాగం విప్డ్ క్రీమువి. చక్కెర పువ్వుకు అంతకన్నా శత్రువు లేదు. నేరుగా పెడితే గంటలోనే అడుగు రేకులు మెత్తబడి, మెరుపు మీద చెమట పట్టినట్టు అవుతుంది. పువ్వు అడుగున అరచేతి వెడల్పు చాక్లెట్ బిళ్ల పెట్టి, దాని మీద కూర్చోబెట్టండి. కేకు కోసే సమయానికి గంట ముందు పెడితే ఇంకా మంచిది. రేకుల్లో తీగలు ఉంటే వాటిని తిన్నగా కేకులో గుచ్చవద్దు. వెడల్పాటి స్ట్రాను కేకులోకి దింపి, దాని అడుగును కరిగించిన చాక్లెట్‌తో మూసి, తీగను అందులో నిలపండి. తీగలున్నాయని కేకు తీసుకునేవారికి చెప్పడం మరచిపోకండి.

పూర్తయిన పువ్వును ఫ్రిజ్‌లో పెట్టకండి. పెట్టినంతసేపూ బాగానే ఉంటుంది, బయటికి తీయగానే గాలిలోని తేమంతా దాని మీదికి చేరుతుంది. అట్టపెట్టెలో, టిష్యూ కాగితం పరచి, వెలుతురు తగలని చోట ఉంచితే నెలలపాటు చెక్కుచెదరదు. ప్లాస్టిక్ డబ్బా అయితే సిలికా జెల్ పొట్లం తప్పనిసరి.

ప్రతి పువ్వుకూ రెండు మూడు రేకులు అదనంగా చేసి, రంగు మెరుపూ అన్నీ పెట్టి పక్కన ఉంచుకోండి. స్కూటరు మీద తీసుకెళ్లినా కారులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా ఒక రేకు విరగడం ఖాయం. పావు టీస్పూను టైలోజ్‌ను రెండు టేబుల్ స్పూన్ల నీళ్లలో వేసి రాత్రంతా నానబెడితే జిగురు తయారవుతుంది. దాన్ని చిన్న సీసాలో పోసి, ఒక సన్న కుంచెతో పాటు సంచిలో వేసుకుంటే, విరిగిన రేకు స్థానంలో కొత్తది అక్కడికక్కడే అతికించి పది నిమిషాలు చేత్తో ఆనించి పట్టుకుంటే చాలు.